త్రోఫిమును మిలేతులో ఎవరు చూసుకున్నారు?

అండమాన్ దీవుల్లోని తెలుగు సంఘాల కాపరులకు, అమ్మగార్లకు, పెద్దలకు ఒక సంఘ సభ్యుడి బహిరంగ లేఖ

ప్రభువునందు ప్రియులైన అయ్యగార్లకు, అమ్మగార్లకు, సంఘ పెద్దలకు,



నేను మీకు తెలిసినవాణ్నే. కావాలనే పేరు రాయడం లేదు. పేరు రాస్తే ‘ఓహో, ఫలానా సంఘం గొడవ’ అని మిగతావాళ్లు లేఖ మడిచి పక్కన పెట్టేస్తారు. పేరు లేకపోతే ఎవరికి వారు తమ వెనక వరసలో నన్ను వెతుక్కుంటారు. నాక్కావలసింది అదే.

మా నాన్న శ్రీకాకుళం తీరంలో వల వదిలి, విశాఖలో ఓడెక్కి వచ్చినవాడు. నేను జంగ్లీఘాట్‌లో పుట్టాను. 2024 సెప్టెంబరు నుంచి మా ఊరి పేరు శ్రీవిజయపురం. నోటికి మాత్రం ఇంకా పోర్ట్‌బ్లెయిరే వస్తుంది. తెల్లారకుండానే జెట్టీ మీద చేపల బుట్టలు దింపేవాళ్ల కేకలు, ఆదివారం పొద్దున పక్క సందులోంచి డోలక్ చప్పుడు. ఈ రెంటి మధ్యే పెరిగి, ఉద్యోగం చేసి, రిటైరై, ఇప్పుడు బీపీ మాత్ర, షుగరు మాత్ర వేసుకుని మీ ప్రసంగం వింటున్నాను.

2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల మొత్తం జనం 3.8 లక్షలు. అందులో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. నూటికి 21 మంది క్రైస్తవులు. తెలుగూ క్రైస్తవమూ రెండూ కలిసిన ఇళ్లు ఎన్నో మీకే బాగా తెలుసు, గృహ ప్రార్థనలకు తిరిగేది మీరే కదా. ఆ ఇళ్లలోకి జబ్బు వచ్చినప్పుడు మనం ఏం చేస్తున్నాం, ఏం అంటున్నాం అన్నదే ఈ లేఖ.

ముందు మా ఇంటి సంగతి.

కొన్నేళ్ల కిందట మా అమ్మకు కడుపులో గడ్డ తేలింది. జి.బి. పంత్ ఆస్పత్రిలో చేర్చాం. మెయిన్‌లాండ్ తీసుకెళ్లాలన్నారు. కాగితాలు, టికెట్లు, డబ్బు చూసుకుంటున్న ఆ వారంలో, కూటాలకని వచ్చిన ఒక దైవజనుణ్ని మనవాళ్లు ప్రేమతోనే మంచం దగ్గరికి తీసుకొచ్చారు. ఆయన అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి, వార్డంతా తిరిగి చూసేటంత గట్టిగా పది నిమిషాలు ప్రార్థించారు. అయ్యాక నావైపు తిరిగి, “విశ్వాసంలో లోటుంది. ఇంట్లో ఒప్పుకోని పాపమేదో అడ్డుగా ఉంది. అది తీసేస్తే లేచి నడుస్తుంది” అన్నారు. నా చేతిలో ఒక నూనె సీసా పెట్టి వెళ్లిపోయారు. మర్నాడు ఆయన విమానం ఎక్కేశారు. ఆ మాట మాత్రం మంచం దగ్గరే ఉండిపోయింది.

ఆ రాత్రి అమ్మ నిద్రపోలేదు. “ఏటి లోటురా నా ఇస్వాసంలో? ఏ ఆదివారం మానీసినాను? మీ నాయిన తాగొచ్చి గోల సేసిన నాడు కూడా బైబిలు సంచి సంకనెట్టుకుని ఎల్లినాను కదా” అంది. కాసేపు ఊరుకుంది. తర్వాత మెల్లగా నావైపు చూసి, “నువ్వు గానీ ఏటైనా సేసినావేటిరా?” అని అడిగింది.

అయ్యా, గడ్డ అమ్మ కడుపులో ఉంది. ఆ ప్రశ్న తల్లీకొడుకుల మధ్య పడింది. గడ్డకు డాక్టర్లున్నారు. ఆ ప్రశ్నకు మందేదో నాకు తెలియలేదు.

రెండు రోజుల తర్వాత మా అయ్యగారు ఒక్కరే వచ్చారు. సాయంత్రం విజిటర్ల టైము అయిపోవస్తోంది. స్టూలు మీద కూర్చుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత సంచి తెరిచి, ఇన్సులిన్ సూది పెట్టుకునే చిన్న డబ్బా తీసి అమ్మకు చూపించారు. “అమ్మా, పన్నెండేళ్లయింది. రోజూ పొడుచుకుంటాను. సంఘంలో ఎవరికీ చెప్పలేదు. కాపరికి జబ్బేమిటంటారని భయం” అన్నారు. అమ్మ ఆ డబ్బా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. “నొప్పెడతాదా అయ్యగారూ?” అని ఆయన్నే అడిగింది. వచ్చినాయన ఓదార్చాలి గానీ, మంచం మీద మనిషి ఆయన్ని ఓదారుస్తోంది. ప్రార్థన చేశారో లేదో నాకు గుర్తు లేదు. ఆ రాత్రి అమ్మ నిద్రపోయింది.

అమ్మ బతకలేదు. ఆ నిద్ర మాత్రం నిజం. ఆనాటి నుంచి నాకొక లెక్క తేలింది. మొదటాయన జబ్బుకు పైన నిలబడి మాట్లాడారు, రెండో ఆయన జబ్బు పక్కన కూర్చున్నారు. సంఘంగా మనం ఎక్కడుండాలో తేల్చుకోవాలి.

జబ్బు పాపఫలమన్న మాట ప్రపంచంలో ఎక్కడ చెల్లినా ఈ నేల మీద చెల్లకూడదు. ఎందుకో చూడండి. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ఇక్కడ మొదటి వలస పెట్టాడు. 1792లో దాన్ని ఉత్తర అండమాన్‌కు మార్చారు. జ్వరాలకు తాళలేక 1796లో మొత్తం ఎత్తేశారు. 1858 మార్చి 10న 200 మంది ఖైదీలతో మళ్లీ దిగినప్పుడు సూపరింటెండెంటుగా వచ్చిన జేమ్స్ ప్యాటిసన్ వాకర్ స్వయంగా డాక్టరు. డాక్టరు వెంట ఉన్నా ఖైదీలు జ్వరాలతో రాలిపోయారు. కొట్టినవాణ్నీ, కొట్టించుకున్నవాణ్నీ ఇక్కడి దోమ వేరుగా చూడలేదు.

అంతకన్నా బరువైన సంగతి ఇంకొకటుంది. 1863లో పోర్ట్‌బ్లెయిర్ చాప్లిన్, అంటే మనలాగే ప్రార్థన చేయించే మనిషి, రెవరెండ్ హెన్రీ కార్బిన్ చేతికి ‘అండమాన్ హోమ్’ అప్పగించారు. రాస్ దీవిలో గ్రేట్ అండమానీలను తెచ్చి, కూడు పెట్టి, బట్ట కట్టి, చదువు చెప్పి ‘బాగుచేయడం’ దాని ఉద్దేశం. కాపలాలో ఉన్న మనుషుల్ని బాగుచేయడం ఏమిటో పక్కన పెడదాం. బయటివాళ్లతో ఆ రాకపోకల వల్ల వాళ్ల ఒంటికి అలవాటు లేని రోగాలు వాళ్లలో ప్రవేశించాయి. 1877లో తట్టు వచ్చింది. మన పిల్లలకు వేపాకులు కట్టి, నాలుగు రోజులు పడుకోబెట్టే తట్టు వాళ్లలో ఊళ్లకు ఊళ్లను తుడిచేసింది. వేలల్లో ఉన్నవాళ్లు 1961 లెక్కల్లో 19 మంది మిగిలారు. ఆ 19 మందిలో ఎవరి విశ్వాసంలో లోటుంది, చెప్పండి? ఒప్పుకోవలసిన పాపం ఏదైనా ఉంటే అది మంచం మీద పడినవాళ్లది కాదు. రోగాన్ని మోసుకొచ్చిన చేతులది. ఆ చేతుల్లో బైబిలు పట్టిన చేతులూ ఉన్నాయి. మంచి మనసుతో వెళ్లామన్నది సరిపోదు. మన ఒంట్లో ఏముందో, మన మాటలో ఏముందో ఎరిగి వెళ్లాలి. మంచం దగ్గరికి వెళ్లే ప్రతి ప్రార్థన బృందానికీ ఇదే పాఠం.

ఇప్పుడు మన పుస్తకం తెరుద్దాం. మీరు నాకంటే బాగా చదివినవాళ్లు. అయినా ద్వీపంలో పుట్టినవాడి కళ్లతో ఒక్కసారి చూడమని మనవి.

అపొస్తలుల కార్యముల చివర పౌలు ఎక్కిన ఓడ పగిలిపోతుంది. 276 మంది ప్రాణాలతో మెలితే ద్వీపం ఒడ్డుకు కొట్టుకొస్తారు. వానా, చలీ. ద్వీపంవాళ్లు మంట వేసి అందరినీ దగ్గరికి తీసుకుంటారు. క్రైస్తవులు కారు వాళ్లు, పౌలు ఎవరో కూడా తెలియదు. తడిసి వణుకుతున్నవాడు కనిపిస్తే మంట వేయాలని తెలుసు, అంతే. ఆ తర్వాతే ఆ ద్వీపంలో పెద్దమనిషి పొప్లి తండ్రికి జ్వరం, రక్తవిరేచనాలు. పౌలు వెళ్లి ప్రార్థించి చేతులుంచితే నయమవుతుంది. ఆ కథ రాసినవాడు లూకా, సంఘం వైద్యుడిగా ఎరిగిన మనిషి. ప్రార్థన చేసేవాడూ, వైద్యం తెలిసినవాడూ ఒకే ఓడలో ఒకే ఉప్పునీళ్లు తాగి ఒడ్డుకు చేరారు. ఎవరూ ఎవరినీ దిగిపొమ్మనలేదు.

స్వస్థత కూటాల్లో పొప్లి తండ్రి గురించి మీరు చాలాసార్లు చెప్పారు. త్రోఫిము గురించి ఒక్కసారైనా చెప్పారా?

పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక చివర, వందనాల మధ్యలో, ఒక చిన్న వాక్యం ఉంది. త్రోఫిముకు జబ్బు చేసింది, అతన్ని మిలేతులో వదిలి వచ్చానంటాడు. వివరణ లేదు, సంజాయిషీ లేదు. పొప్లి తండ్రిని లేపిన చేతులే తోటి సేవకుణ్ని లేపలేకపోయాయి. త్రోఫిముకు విశ్వాసం చాలలేదని పౌలు అనలేదు, పాపం దాచాడని అనలేదు. అదే పౌలు తిమోతికి కడుపుబాధకు కొంచెం ద్రాక్షరసం పుచ్చుకోమని చిట్కా చెప్తాడు. ఎపఫ్రొదితు చావుదాకా వెళ్లొచ్చాడని రాస్తూ, తనకు దుఃఖం మీద దుఃఖం రాకుండా దేవుడు కనికరించాడంటాడు. తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకుంటాడు. ముల్లు పోలేదు. మనం స్వస్థత వరం కోసం ఎవరి పేరు చెప్తామో ఆ మనిషి చుట్టూ ఇంత జబ్బుంది. దాన్ని ఆయన దాచలేదు. మనమే పక్క పేజీకి తిప్పేస్తున్నాం.

“అయితే నువ్వు స్వస్థతను నమ్మవా?” అని మీలో ఒకరు తప్పకుండా అడుగుతారు. నమ్ముతాను. అమ్మకు నయం చెయ్యమని ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చి అడిగినవాణ్ని. అడగడం మానమని చెప్పడం లేదు. నయం కాకపోతే ఆ బాకీ రోగి ఖాతాలో రాయొద్దంటున్నాను.

కపెర్నహూములో పక్షవాతం ఉన్నవాణ్ని నలుగురు మోసుకొచ్చారు. జనం సందివ్వలేదు. ఇంటి పైకప్పు విప్పి మంచం కిందికి దించారు. అప్పుడు యేసు ఎవరి విశ్వాసం చూశాడంటే, మోసుకొచ్చినవాళ్ల విశ్వాసం. పడుకున్నవాడు అప్పటిదాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. యాకోబు పత్రిక తీయండి. జబ్బు చేసినవాడు సంఘపు పెద్దల్ని పిలిపించుకోవాలి, వాళ్లు వచ్చి నూనె రాసి ప్రార్థించాలి. రోగి చెయ్యాల్సింది కబురు పంపడం. రావలసిందీ, విశ్వాసంతో ప్రార్థించవలసిందీ పెద్దలు. పైగా ఆ రోజుల్లో నూనె మందు కూడా, మంచి సమరయుడు గాయాల మీద పోసింది అదే. కాబట్టి విశ్వాసంలో లోటుందని ఇకమీదట ఎవరైనా అంటే, మంచం మీద ఉన్నవాడి వైపు చూడకండి. మంచం నాలుగు కోళ్లూ పట్టుకోవలసిన మనవైపు చూసుకుందాం.

మన తెలుగు బైబిల్లో ఒక మంచి మాట ఉంది: ఆదరణ. పరిశుద్ధాత్మకే ‘ఆదరణకర్త’ అని పేరు. మన ఊళ్లలో ఈ మాట ఎలా వాడతామో గమనించారా? ఓదార్చడం నోటితో అవుతుంది. ఆదరించడం నోటితో అవదు. ఇంటికొచ్చినవాడికి కాళ్లకు నీళ్లిచ్చి, కూర్చోబెట్టి, అన్నం పెడితే ఆదరించారంటాం. దిక్కులేని పిల్లను ఇంట్లో పెట్టుకుంటే ఆదరించారంటాం. అనువాదం చేసిన పెద్దలు దేవుడి ఆత్మకు ‘ఓదార్చేవాడు’ అని కాకుండా ‘ఆదరించేవాడు’ అని పేరుపెట్టారు. మనం ఆ మాటను పాటల్లో ఉంచుకుని, పని మాత్రం ఓదార్పు దగ్గరే ఆపేశాం.

ఆదరణ ఎలా ఉంటుందో అమ్మ పక్క మంచం దగ్గర చూశాను. ఆ మంచం మీద కార్ నికోబార్ నుంచి వచ్చిన ఒక ముసలామె. ఆమె వెంట ఎప్పుడూ ఇద్దరు ముగ్గురుండేవాళ్లు. ఒకరు వెళ్తే ఇంకొకరు వచ్చేవారు. కూతురో, మనవరాలో, ఎవరో అని వరస అడిగితే నవ్వేవాళ్లు. వాళ్లకు ‘తుహెత్’ అని పెద్ద ఉమ్మడి కుటుంబం ఉంటుంది. కొబ్బరితోటా దానిదే, పందులూ దానివే, జబ్బూ దానిదే. మన అక్క, పిన్ని, మేనత్త వరసల్లాంటివి ఒక మనిషి మీద భారం పెడతాయి. తుహెత్ వంతులు వేసుకుంటుంది. ఒక సాయంత్రం వాళ్లు మంచం చుట్టూ చేరి చాలా చిన్న గొంతుతో తమ భాషలో పాట అందుకున్నారు. మాటలు అర్థం కాలేదు. రాగం మాత్రం మన కీర్తనల పుస్తకంలో ఉన్నదే. అమ్మ కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ, తెలుగులో కలిపింది. ఆ అమ్మమ్మ తల తిప్పి చూసింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు.

నికోబార్ సంఘం వెనక ఒక మనిషి ఉన్నాడు. 1884లో కార్ నికోబార్‌లోని ముస్ గ్రామంలో పుట్టిన జాన్ రిచర్డ్‌సన్. బర్మాలో మాండలేలో చదువుకుని తిరిగొచ్చి పిల్లలకు అక్షరాలు దిద్దించాడు, కొత్త నిబంధనను నికోబారీలోకి తెచ్చాడు. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్‌వాళ్లు ఈ దీవుల్ని ఆక్రమించినప్పుడు గూఢచారులన్న నింద మోపి ఎందరినో చంపారు. ఆయన తల కూడా కత్తి కిందే ఉంది, యుద్ధం ముగియబట్టి మిగిలింది. 1950లో బిషప్ అయ్యాడు, 1952లో ఈ దీవుల తరఫున లోక్‌సభకు నామినేట్ అయ్యాడు. ఇన్ని గౌరవాలున్న మనిషి పేరు కార్ నికోబార్‌లో ఒక ఆస్పత్రికి పెట్టారు. బిషప్ పేరు రోగుల గుమ్మం మీద ఉండడం నాకు చాలా సబబుగా తోస్తుంది.

2004 డిసెంబరు 26 ఆదివారం. క్రిస్మస్ మర్నాడు. పొద్దున ఆరున్నరకు భూమి కదిలింది, ఆ వెనకే సముద్రం లేచింది. కార్ నికోబార్ తీరంలో ఊళ్లకు ఊళ్లు పోయాయి. ముందురోజు రాత్రి పాటలు పాడిన పిల్లలు పోయారు. ప్రాణాలతో బయటపడినవాళ్లు పోర్ట్‌బ్లెయిర్ వస్తే శిబిరాల్లో మనమూ అన్నం వడ్డించాం. ఆనాడు మన చేతుల్లో గరిటె ఉంది గనక నోట ‘పాపఫలం’ రాలేదు. ఎక్కడో దూరాన కూర్చున్నవాళ్లు అన్నారని వింటే మనకే కోపం వచ్చింది. సునామీ అప్పుడు అనలేని మాట క్యాన్సర్ అప్పుడు ఎలా అనగలుగుతున్నాం? వేలమందికి వచ్చిన కష్టాన్ని ‘మన’ కష్టం అంటాం. ఒక్క ఇంటికి వచ్చిన దాన్ని ‘వాళ్ల’ పరీక్ష అంటాం. తేడా అంతే.

ఇక మనకు ప్రత్యేకంగా ఉన్న కష్టం చెప్తాను. మెయిన్‌లాండ్ సంఘాలకు ఇది అర్థం కాదు. గుంటూరులో పెద్ద జబ్బు చేస్తే బస్సెక్కుతారు. మనకు జబ్బు పెద్దదైతే మధ్యలో 1,200 కిలోమీటర్ల సముద్రం. ఓడైతే బంక్ క్లాసులో మూడు రోజులు. విమానమైతే రెండు గంటలు, కానీ ఆ టికెట్ ధర ఎంతన్నది నెల జీతగాణ్ని అడగండి. క్యాంప్‌బెల్ బే నుంచి, హట్ బే నుంచి వచ్చేవాళ్లకు పోర్ట్‌బ్లెయిరే ఒక మెయిన్‌లాండ్. చెన్నైలో దిగాక లాడ్జి వెతకాలి, ఆటోవాడితో తమిళంలో బేరమాడాలి, రిపోర్టుల ప్లాస్టిక్ కవరు చంకలో పెట్టుకుని టోకెన్ లైనులో నిలబడాలి. రోగిని కుర్చీలో కూర్చోబెట్టి లైనులో నిలబడితే కుర్చీ దగ్గర ఎవరుండాలి? లైను వదిలితే వంతు పోతుంది. మేం వెళ్లినప్పుడు నాకు ప్రార్థన కంటే ముందు ఇంకో జత కాళ్లు కావాలనిపించింది. ఇలా రాస్తే తప్పేమో గానీ, ఇదే నిజం.

జి.బి. పంత్ ఆస్పత్రి ఎక్కడుందో చూశారు కదా. సెల్యులార్ జైలు ఆవరణలో 1963లో పెట్టిన ఆస్పత్రి అది. 1906లో పూర్తయిన ఆ జైలుకు ఏడు రెక్కలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక రెక్క ముందుభాగం ఇంకో రెక్క వెనక గోడను చూసేలా కట్టారు. ఏ ఖైదీకీ ఇంకో ఖైదీ ముఖం కనపడకూడదని. మనిషిని విరిచేయడానికి కొరడా ఒక్కటే చాలదు, పక్కవాడి ముఖం కూడా దూరం చెయ్యాలని ఆ కట్టినవాడికి తెలుసు. ఇప్పుడు అదే నేల మీద మంచాలు వేసి, ఒక రోగికి ఇంకో రోగి ముఖం కనపడేలా పడుకోబెడుతున్నారు. ‘నీ ఇంట్లో పాపం ఉంది’ అన్న మాట ఆ పాత గోడను మళ్లీ లేపుతుంది. అమ్మ నావైపు అనుమానంగా చూసినప్పుడు ఆ గోడ నాకు కనపడింది.

మన పూర్వులు ప్రార్థనకూ వైద్యానికీ మధ్య గోడ కట్టలేదు. 1883లో గుంటూరు చేరిన అన్నా కుగ్లర్ ఆడవాళ్ల నాడి చూస్తూ, 1898లో ఆస్పత్రి తెరిచి, చివరిదాకా అక్కడే ఉన్నారు. 1900లో వేలూరులో ఐడా స్కడర్ మొదలుపెట్టిన వైద్యమే ఇవాళ మన రోగులు వెతుక్కుంటూ వెళ్లే సి.ఎం.సి. వాళ్లు ప్రార్థన తగ్గించుకుని ఆస్పత్రి కట్టలేదు. ప్రార్థించాక చెయ్యాల్సిన పనిగానే కట్టారు. ఆ వంశంలోని సంఘాలం మనం. కూటం పోస్టరు మీద ‘క్యాన్సర్, షుగరు, కిడ్నీ, సమస్త రోగాలు మాయం’ అని అచ్చువేయడం మనకు తగదు. కొన్ని జబ్బులు మహిమలతో నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారం కూడా నేరమే. చట్టం సంగతి అటుంచండి. ఆ పోస్టరు చూసి మాత్రలు మానేసే మనిషి మన వీధిలోనే ఉంటాడు.

కాబట్టి నా మనవులు నాలుగు. ఏ ఒక్కదానికీ పెద్ద కానుకలు అక్కర్లేదు.

మొదటిది. మందు ఆపమని పుల్పిట్ మీంచి గానీ, గృహ ప్రార్థనలో గానీ, సైగగా గానీ ఎవరూ అనకూడదు. బయటినుంచి వచ్చే ప్రసంగీకుల్ని పిలిచేటప్పుడే ఈ సంగతి చెప్పండి. నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

రెండోది. సాక్ష్యాల వేళ నయమైనవాళ్లనే నిలబెడుతున్నాం. నయంకానివాళ్లకూ ఒక వంతు ఇవ్వండి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లొస్తూ ఇంకా పాట పాడుతున్న మనిషి దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదా? మంచం మీద కొడుకును ఇరవయ్యేళ్లుగా తిప్పి పడుకోబెడుతున్న తల్లి కంటే పెద్ద సాక్ష్యం ఏముంది? బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్లు పడివున్నవాడి మొదటి మాట, తనను నీళ్లలోకి దించేవాళ్లు ఎవరూ లేరనే. జబ్బు గురించి చెప్పుకోకముందే మనుషులు లేరని చెప్పుకున్నాడు.

మూడోది మీ సొంతం. మీ జబ్బులు దాచకండి. అయ్యగారికి మోకాళ్లు నొప్పులని, అమ్మగారికి థైరాయిడ్ అని, పెద్దాయనకు రాత్రిళ్లు నిద్రపట్టడం లేదని తెలిస్తే మా గౌరవం తగ్గదు. గెత్సేమనేలో యేసు తన దుఃఖాన్ని శిష్యులకు దాచలేదు. కాసేపు తనతో మేలుకుని ఉండమని అడిగాడు. వాళ్లు నిద్రపోయారు, అది వేరే సంగతి. అడగడం అయితే అడిగాడు. ఆయన అడిగింది అడగడానికి మీకు సిగ్గెందుకు? మా అయ్యగారు తెరిచిన ఆ చిన్న ఇన్సులిన్ డబ్బా నాకు ఇప్పటికీ ఒక ప్రసంగమే.

నాలుగోది తోడు. సంఘాల మధ్య ఉన్న పేర్ల తేడాలు ఈ ఒక్క పనికి పక్కన పెట్టండి. బాప్టిస్టా, పెంతెకోస్తా, కతోలికా అని రక్తం గ్రూపు అడగదు. ఎవరి రక్తం ఏ గ్రూపో ఒక పుస్తకంలో రాసి పెట్టండి. చెన్నైలో, విశాఖలో మనకు తెలిసిన సంఘాలు ఉన్నాయి. క్రిస్మస్‌కు గ్రీటింగ్‌లు పంపుకుంటాం, కన్వెన్షన్లకు పిలుచుకుంటాం. మనవాళ్లు అక్కడ ఓడ దిగినప్పుడు ఒకరు ఎదురొచ్చేటట్టు, ఒక గది, ఒక గిన్నె గంజి దొరికేటట్టు వాళ్లతో మాట్లాడండి. మెలితే ద్వీపంవాళ్లు ముక్కూమొహం తెలియనివాళ్లకు చేసిన పని అది. ద్వీపంలో పుట్టినవాళ్లం, మనకు ఇంకొకరు నేర్పాలా?

త్రోఫిముకు తర్వాత ఏమైందో బైబిల్లో లేదు. లేచాడో, అక్కడే సమాధి అయ్యాడో తెలియదు. నేను ఆలోచించేది మాత్రం అతని చుట్టూ ఉన్నవాళ్ల గురించి. పౌలు వదిలి వెళ్లగలిగాడంటే, ఎవరికో అప్పగించే వెళ్లివుంటాడు. మిలేతులో ఎవరో అతనికి నీళ్లు కాచిపెట్టారు, ఎవరో పక్క దులిపి వేశారు, ఎవరో రాత్రి మేలుకున్నారు. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. మన సంఘాలకు కావలసినవాళ్లు వాళ్లే.

ఆదివారం ఆరాధన అయ్యాక మీరు ప్రకటనలు చదువుతారు. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, ఉపవాస ప్రార్థన, యవ్వనస్తుల కూటం. ఈ ఆదివారం ఇంకొకటి కలపండి. వచ్చే ఓడలో ఆస్పత్రికి వెళ్తున్నది ఎవరో పేరు చదవండి. వెంట ఎవరు వెళ్తారని అడగండి. అడిగి, వెంటనే ముగింపు ప్రార్థనకు తలలు వంచమనకండి. కాసేపు ఆగండి. పిల్లలు కదులుతారు, ఎవరో దగ్గుతారు, గడియారం చప్పుడు వినిపిస్తుంది. వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచేదాకా ఆగండి.

ఎవరిదీ లేవకపోతే, అది నాదే అనుకోండి.

ప్రభువునందు మీ సహోదరుడు,
వెనక వరస సభ్యుడు
జంగ్లీఘాట్